పత్తి ఆకు మీద రెండు రంధ్రాలు

20 సెప్టెంబరు 2011, మంగళవారం. జనగామ

ఈ డైరీ ఈరోజు మొదలుపెట్టడానికి కారణాలు రెండు. ఒకటి, తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెలో బడి మూతపడింది కాబట్టి బడి మైక్రోస్కోపు మా ఇంటికి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ నా పాత విద్యార్థిని. రసీదు రాసిచ్చి తెచ్చుకున్నాను. రెండు, ఈరోజు నేను చూసినదాన్ని ఎవరికీ చెప్పకూడదు. చెప్పకుండా ఉండడం కష్టంగా ఉంది.

తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. మా ఆయనకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కాబట్టి ఈ పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టినా భద్రమే. ఆయన పేరు ఒక్కసారి రాస్తాను, రికార్డు పూర్తి కావాలి గనక: జానీమియా, 71 ఏళ్లు, గడియారాలు బాగుచేసేవారు, ఇప్పుడు కొట్టు మూసేశారు. నలభై ఆరేళ్ల కాపురంలో ఆ పేరు నేను నోటితో పలకలేదు. మా అమ్మ నేర్పిన పద్ధతి అది. ఇకపై ‘ఆయన’.

ఇక విషయం. పొద్దున లచ్చి వచ్చింది. పెద్దవంగర దగ్గర తండా పిల్ల, హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా నా దగ్గర చదివింది. ఇప్పుడు రెండెకరాల పత్తి చేస్తోంది. బస్సులు లేవు, తమ్ముడి మోటార్ సైకిల్ మీద వచ్చింది. మాత్రల సీసా ఒకటి, కవర్లో ఐదు పత్తి ఆకులు నా చేతిలో పెట్టింది.

“టీచరమ్మా, జర గిది సూడుండ్రి. ఆకు మీద పురుగు గుడ్లు పెట్టింది. పిల్ల పురుగులు ఎల్లుతయని సూస్తుంటే గుడ్లు నల్లగైనయి. అండ్లకెల్లి గివి ఎల్లినయి. దోమలా, ఏందివి?”

సీసాలో ఉన్నవి దోమలు కావు. ఇంకొక పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టే కందిరీగలు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు. పత్తికాయ తొలిచే పురుగు పుట్టకముందే దాన్ని గుడ్డులోనే తినేసి బయటికి వస్తాయి. ఇలాంటివి ప్రపంచంలో వందల జాతులు. ఇది ఏ జాతి అన్నదే ప్రశ్న.

లెక్క: కందిరీగలు 61. ఆకులు 5. ప్రతి ఆకు మీద రెండేసి చిన్న రంధ్రాలు, రెంటి మధ్య దూరం సరిగ్గా 10 మిల్లీమీటర్లు, ఐదు ఆకులకూ అంతే. ఇది వేరే పురుగు పని. దాన్ని తర్వాత చూడాలి.

21 సెప్టెంబరు

1994లో హైదరాబాదు శిక్షణలో ఇచ్చిన గుర్తింపు పట్టిక ఇనుప పెట్టె అడుగున దొరికింది. ప్రతి మెట్టు దగ్గర రెండు దారులుంటాయి. ఒకటి ఎంచుకుని ముందుకు పోవాలి. ‘మీసాల మీద వెంట్రుకలు పొడవు’ లేదా ‘పొట్టి’. ఎంతైతే పొడవో రాయలేదు. ‘రంగు పసుపు, కొన్నిసార్లు గోధుమ, తరచుగా నలుపు.’ నా విద్యార్థిని ఇలా రాస్తే సున్నా వేసేదాన్ని.

కాలి చివర కణుపులు లెక్కపెట్టాను. నాలుగు. బొమ్మ గీసి పక్కన 4 అని వేశాను. నాలుగు కణుపుల దారిలో పట్టిక చివరిదాకా వెళ్లాను. దేనికీ సరిపోలేదు. మళ్లీ వెళ్లాను. మూడోసారి కూడా.

పట్టికలో లేదు.

22 సెప్టెంబరు

నిన్నటి నిల్వ 61. నష్టం: ఆయన తుమ్ము వల్ల 4, కోత తర్వాత కరెంటు హఠాత్తుగా వచ్చి ఫ్యాను తిరగడం వల్ల 9. బెంగళూరు పంపినవి 6. మిగిలినవి 42.

బెంగళూరులో ఇలాంటి కందిరీగలనే నలభై ఏళ్లుగా చూస్తున్న శాస్త్రవేత్త ఉన్నారు. 1994 శిక్షణలో పాఠం చెప్పినది ఆ శాస్త్రవేత్తే. వర్ణన, బొమ్మలు, ఆరు పురుగులు స్పీడ్ పోస్టులో వేశాను. ‘కొత్తది’ అనే మాట వాడలేదు. ‘పట్టికలో కనబడనిది’ అని మాత్రం రాశాను. నాకు తొందర లేదు. పేరు మీద ఆశ అసలే లేదు.

కొత్త జాతికి స్త్రీ పేరు పెడితే చివర ‘ఏ’ చేరుస్తారు. నా పేరు జహీరా కాబట్టి, జహీరే. ఇది కేవలం సమాచారం కోసం.

నిల్వ ఉన్న 42లో మూడు రకాలు: మీసాల మీద పొడవు వెంట్రుకలవి 11, పొట్టి వెంట్రుకలవి 27, బాగా చిన్నవి 4. అంటే జాతి ఒకటి కాదు, మూడు.

23 సెప్టెంబరు

ఎవరికీ చెప్పనని ఆయన ఖురాను మీద ప్రమాణం చేస్తానన్నారు. అంత చిన్న పురుగు కోసం అంత పెద్ద ప్రమాణం వద్దన్నాను. అదే నా తప్పు.

24 సెప్టెంబరు

స్టేషన్ రోడ్డులో దీక్షా శిబిరం మీద బ్యానరు కట్టారు. రెండు మీటర్ల పొడవు ఉంటుంది. ‘జనగామ బిడ్డ జహీరా బేగం టీచర్ కనిపెట్టిన తెలంగాణ పురుగుకు స్వాగతం.’

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. (మాటలు ఉర్దూలోవి. ఆయన తెలుగు యాసలోకి మార్చి రాస్తున్నాను.)

“నేనేం చెప్పలె బేగం. బేగం టీచర్ బయటకొస్తలేదేంది, పానం బాగలేదా అని యాకయ్య అడిగిండు. ఝూట్ చెప్పాల్నా?”

“పురుగు సంగతి ఎందుకు చెప్పారు?”

“పానం బాగనే ఉంది, పురుగు పట్టిందన్న. ఏం పురుగని అడిగిండు. ఇగ ఛాయ్ వచ్చింది.”

యాకయ్య మా బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు శిబిరానికి పెద్ద. సాయంత్రం ఇంటికే వచ్చాడు, వెనకాల ఇద్దరు.

“మేడం, ఒక్క ముచ్చట. మన పురుగు ఆంధ్రల లేదు గద?”

“యాకయ్య గారూ, అది ఏ జాతో తేలకముందు ఎక్కడుందో ఎక్కడ లేదో చెప్పలేం.”

“తేల్చుండ్రి. తొమ్మిదో తారీఖు ఆదివారం సభ పెట్టినం. మీకు సన్మానం. స్టేజి మీద పేరు మీరే చెప్పాలె.”

“తేలకపోతే?”

“గట్లనకుండ్రి మేడం. బ్యానర్ కట్టినం గద.”

కావలసినది రుజువు. వాళ్ల దగ్గర ఉన్నది బ్యానరు. ముప్పై ఒక్క ఏళ్లలో అర మార్కు అన్యాయంగా వేయలేదు, తీయలేదు. యాకయ్య కూతురికే వేయలేదు, ఆ అర మార్కుతో ఆమె ఫస్టు క్లాసు పోయింది. స్టేజి మీద తప్పు చెబితే, మొదట లేచేది ఆ పిల్లే.

25 సెప్టెంబరు

రైల్ రోకో. ఉత్తరం ఎక్కడుందో.

27 సెప్టెంబరు

మా అబ్బాయి మాజిద్ భూపాలపల్లి నుంచి సీసా పంపాడు. అతను పనిచేసే గని కూడా సమ్మెలో ఉంది. ఊరికే కూర్చోవద్దని, టేకుమట్ల వైపు వరి పొలాల్లో నల్లబడిన గుడ్లు ఏరమని ఫోనులో చెప్పాను. పాల బండిలో వచ్చింది. 9 ఉన్నాయి, అందులో పొడవు వెంట్రుకలవి 2. చీటీ అంటించి బీరువాలో పెట్టాను. ఒక ఖాతా ముగియకుండా ఇంకొకటి తెరవను.

జనగామ వాటా కూడా ఉండాలని ఆయన మా పెరట్లో వెతికి తెచ్చారు. చీమలు 3, బియ్యం పురుగు 1. కందిరీగలు 0.

28 సెప్టెంబరు

రంధ్రాల పురుగు గురించి. మళ్లీ కొలిచాను. పది మిల్లీమీటర్లు, అన్నీ ఒకటే కొలత, ఆకు ఈనెకు ఒకే పక్క. నోటితో కొరికే ఏ జీవీ ఇంత క్రమశిక్షణతో ఉండదు. దానికి ఒక పేజీ కేటాయించాను. నా బడిలో పిల్లలు ఇలా మార్జిన్ వదిలి ఉంటే ఎంత బాగుండేది.

29 సెప్టెంబరు

మధ్యాహ్నం టీ ఇస్తూ ఆయన అన్నారు: “మూడే ఉన్నయి.”

“ఏమిటి?”

“కాలి కణుపులు. నువ్వు నాలుగు ఏసినవ్. నాలుగోది నీడ. అద్దం వంకర ఉంది.”

డైరీ చదివారా అని అడగబోయి ఆగాను. ఈ పుస్తకంలో బొమ్మలున్నాయి. అంకెలున్నాయి. నలభై ఏళ్లు గడియారాల ముఖాలు చూసినవారికి బొమ్మలు, అంకెలు చాలు.

కంటికి కొట్టు నాటి భూతద్దం పెట్టుకుని మైక్రోస్కోపు అద్దాన్ని గోరుతో కొంచెం కదిపారు. నీడ పోయింది.

సరిచూసుకున్నాను. మూడే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

మూడు కణుపుల దారిలో పట్టిక మళ్లీ మొదలుపెట్టాను. ట్రైకోగ్రామా అనే ప్రజాతి దగ్గరికి తిన్నగా తీసుకెళ్లింది. అంటే ఇంటిపేరు దొరికింది. ఇంకా సొంత పేరు దొరకాలి. కొత్తది కాదని ఎవరూ అనలేరు. కొత్త జాతి పాత ప్రజాతిలోనే ఉండవచ్చు.

1 అక్టోబరు

బెంగళూరు జవాబు. ఐదు వాక్యాలు.

పొడవు వెంట్రుకలవి మగవి. పొట్టి వెంట్రుకలవి ఆడవి. చిన్నవి తిండి తక్కువైనవి. ఆడవాటిని చూసి జాతి చెప్పడం ఈ ప్రజాతిలో ఎవరి వల్లా కాదు. మగవాటి జననాంగాన్ని వేరుచేసి, స్లైడు మీద పెట్టి పోల్చవలెను.

మూడు జాతులు ఒకటయ్యాయి. ఇరవై రెండో తేదీ లెక్క కొట్టేసి పక్కన సంతకం చేశాను.

అర మిల్లీమీటరు పురుగు. అందులో ఆ భాగం.

2 అక్టోబరు

మనసులో పెట్టుకోను. శాస్త్రం శాస్త్రమే. పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠం నేనెప్పుడూ వదిలేయలేదు.

3 అక్టోబరు

కత్తిరించి చూశాను. మగవి 11. పాడైనవి 2.

4 అక్టోబరు

పాడైనవి 3. నా చెయ్యి వణకడం లేదు. సూదులు మంచివి కావు.

5 అక్టోబరు, సద్దుల బతుకమ్మ మరుసటి రోజు

ఆయన అడగలేదు. కొట్టు నాటి తోలు సంచి తెచ్చి బల్ల మీద పరిచారు. ఆడవాళ్ల చేతి గడియారాల బాలెన్స్ చక్రం పట్టే సన్న పట్టకారు, వెంట్రుకలాంటి సూదులు.

“ఏ పార్టు తియ్యాలె?”

చెప్పాను. అంటే, బొమ్మ చూపించాను.

ఆయన బొమ్మ చూశారు, నన్ను చూశారు. “గింత సన్నదాన్ల గది కూడ ఉంటదా?”

“పని చూడండి.”

“పేరేందో చెప్పు, పార్టు పేరు తెల్వకుంట నేను గడియారం కూడ ఇప్పలె.”

“పదిహేడో నంబరు పార్టు అనుకోండి.”

ఊపిరి బిగబట్టి, ఒక గంటలో మూడు తీశారు. మూడూ పగలలేదు, నలగలేదు. నేను కిటికీ దగ్గర ఎండ కోసం అద్దం తిప్పుతూ నిలుచున్నాను. ఆయన కనురెప్ప వాల్చలేదు. పెళ్లైన కొత్తలో నా గడియారం బాగుచేస్తున్నప్పుడు కూడా ఇలాగే కూర్చున్నారు. అప్పుడు అది పాడవలేదు. చూపించడానికి ఒక వస్తువు కావాలని ఇచ్చాను.

ఇది లెక్కలోకి రాదు.

మగవి: మొత్తం 11, నేను పాడుచేసినవి 5, స్లైడయినవి 3, మిగిలినవి 3.

6 అక్టోబరు, దసరా

స్లైడును శిక్షణలో ఇచ్చిన పుస్తకంలోని బొమ్మలతో పోల్చాను. కైలోనిస్ అనే జాతికి దగ్గరగా ఉంది. దేశమంతటా ఉండే మామూలు జాతి. కానీ చివర్లో కొంచెం వెడల్పు. నాకు వెడల్పుగానే కనిపిస్తోంది.

ఆయన చూసి, “గంతే ఉంది” అన్నారు.

ఆయనకు శాస్త్రం తెలియదు.

7 అక్టోబరు, శుక్రవారం

లచ్చి వచ్చింది. ఆదివారం సభకు తండా ఆడవాళ్లను తెస్తానని చెప్పడానికి. బల్ల మీద ‘రంధ్రాల పురుగు’ పేజీ తెరిచి ఉంది, ఆకు అంటించి, కొలతలు వేసి. లచ్చి చదివింది. నవ్వలేదు. దానికి నేనంటే ఇంకా భయం.

“టీచరమ్మా, ఏమనుకోవద్దు. గవి పిన్ను బొక్కలు.”

“ఏం పిన్ను?”

“కాయిదాలకు కొడ్తరు గద, కటక్కుమని. గా మిషన్ పిన్ను. మా కిషన్ అట్టముక్కలు తెచ్చిండు. గవి ఆకులకు అడుగుకెల్లి పిన్ను కొట్టినం.”

కిషన్ దాని పెనిమిటి. “ఏం అట్టలు?”

“ఏమో, మందు అట్టలన్నడు. గరుకు కాయిదం లెక్క ఉంటయి. వానకు ఊడిపోయినయి, నేను పారేసిన. ఒక్క కవర్ మిగిలింది, అండ్ల కొత్తిమీర ఇత్తులు పోసిన. తేవాల్నా?”

తమ్ముడికి ఫోను చేసి కవరు మీద ఏముందో చదివించింది. అతను ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాడు. నేను ఒక్కొక్కటే రాసుకున్నాను.

ట్రైకోగ్రామా కైలోనిస్. అట్టకు ఇరవై వేల గుడ్లు. కింద తయారీదారు చిరునామా. కోస్తా జిల్లా. పత్తి పురుగును అరికట్టడానికి ఈ కందిరీగలనే పెంచి, అట్టల మీద అంటించి రైతులకు అమ్ముతున్నారు.

పదిహేడు రోజుల పని. కవరు మీద అచ్చువేసి ఉంది, లోపల కొత్తిమీర విత్తనాలు.

లచ్చి మెల్లగా అడిగింది: “మందు కాదా టీచరమ్మా?”

“మందే” అన్నాను. “నీ పత్తికి పురుగు పట్టిందా?”

“ఈసారి లేదు.”

8 అక్టోబరు

ఆయన అన్నారు: “చెప్పకు. గంత సన్నదాన్ని ఎవడు సూడొచ్చిండు? తొమ్మిదో తారీఖు ఎల్లిపోతే ఎవలకు యాదుంటది?”

1965లో వరంగల్‌లో ప్రాక్టికల్ పరీక్ష. ఇచ్చిన జీవిని సరిగ్గానే గుర్తించాను. ఎగ్జామినరు కోస్తా ఆయన. “ఇది ఏంది కాదమ్మా, ఇది ఏమిటి అనాలి” అని క్లాసంతా నవ్వేలా చెప్పి ఇరవైకి పద్నాలుగు వేశాడు. నలభై ఆరేళ్లుగా ఆ ఆరు మార్కులు నాకు రావలసే ఉన్నాయి. బ్యానరును కాదనకుండా ఊరుకుంటే అవి వచ్చినట్టే.

కాని అవి దొంగ మార్కులవుతాయి.

9 అక్టోబరు, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

శిబిరంలో మూడు వందల మంది. పూలదండ సిద్ధం. యాకయ్య మైకు ఇచ్చి, “మేడం ఇప్పుడు మన పురుగు పేరు చెప్తరు” అన్నాడు. ముందు వరుసలో యాకయ్య కూతురు, అర మార్కు పిల్ల, చేతులు కట్టుకుని కూర్చుంది.

పేరు చెప్పాను. అది కొత్తది కాదన్నాను. దేశమంతా ఉందన్నాను. అట్ట సంగతి, కవరు, చిరునామా, అన్నీ వరసగా చెప్పాను. ఆకు మీద పిన్ను రంధ్రాలను ఇంకో పురుగనుకున్నానని కూడా చెప్పాను. అది చెప్పనవసరం లేదు, కానీ లెక్కలో ఉంది.

దండ పట్టుకున్నవాడు దాన్ని వీపు వెనక్కి దాచాడు.

వెనకనుంచి ఒక ముసలాయన: “గిది గదే అని ఎట్ల జెప్తరమ్మా? గంత సన్నగుంటది.”

న్యాయమైన ప్రశ్న. జవాబు ఇవ్వాలి. ఇచ్చాను. మైకులో. “మగ పురుగు జననాంగాన్ని చూసి.” స్టేషన్ రోడ్డు అవతల సైకిలు దిగినవాడు ఒకడు మళ్లీ ఎక్కలేదు.

ఆడవాళ్ల వైపు నుంచి లచ్చి గొంతు వినిపించింది, పక్కనామెకు చెబుతోంది, కానీ దానికి మెల్లగా మాట్లాడడం రాదు: “గా పాఠం మాకు ఇంటికాడ సదువుకోమన్నరు. ఇయ్యాల మైకుల జెప్తున్నరు.”

మొదట నవ్వింది అర మార్కు పిల్ల. తర్వాత మూడు వందల మంది. ఆయన స్టేజి కింద భూతద్దం కంటికి పెట్టుకుని ఎటో చూస్తున్నారు.

యాకయ్య మైకు తీసుకున్నాడు. సభ ముగుస్తుందనుకున్నాను. ముగియలేదు.

“అందరు జర సైలెంట్. ఒక్క పాయింటు. అట్ట ఆడికెల్లి వచ్చింది. మరి లచ్చవ్వ సీసల పోసిన పురుగులు యాడ పుట్టినయి?”

లచ్చి లేచింది. “మా చేన్ల. మా ఆకు మీది గుడ్లల్లకెల్లి ఎల్లినయి. అట్టమీదియి ముందే ఎగిరిపోయినయి.”

“అంటే తల్లులు నాన్ లోకల్. పిల్లలు లోకల్.”

ఇక మొదలైంది. ఒకరు ముల్కీ రూలు ప్రకారం లోకల్ అంటే పదిహేనేళ్లు ఇక్కడ ఉండాలన్నారు. దాని ఆయుష్షే పది రోజులన్నాను. అట్లైతే పది రోజుల్లో ఎంత వంతు ఉండాలో లెక్క కట్టాలని ఇంకొకరు. నాలుగేళ్లు ఇక్కడ చదివితే లోకలే కదా అని ఒక విద్యార్థి. అది చదువుకోలేదన్నాను. ఉద్యోగం చేస్తోంది గద, మన పత్తికి, అది కూడ జీతం లేకుంట, అని లచ్చి. వచ్చి మన దగ్గర పని చేసుకునేటోళ్లను పొమ్మని ఎవరన్నరు, మన నీళ్లు మన కొలువులు మాకియ్యమన్నం గని, అని వెనక ముసలాయన. చప్పట్లు కొట్టారు. రెండు గంటలు సాగింది. పురుగు ఇక్కడే ఉండవచ్చని తీర్మానం చేసి సంతకాలు పెట్టారు.

బ్యానరు విప్పలేదు. పెయింటరును పిలిచి దిద్దించారు. ఇప్పుడు ఇలా ఉంది: ‘జనగామ బిడ్డ జహీరా బేగం టీచర్ పేరు కనిపెట్టిన, తెలంగాణలో పనిచేస్తున్న పురుగుకు స్వాగతం.’

దగ్గరికి వెళ్లి రెండుసార్లు చదివాను. తప్పు లేదు.

దండ వేశారు. దిగుతుంటే అర మార్కు పిల్ల అడ్డం వచ్చింది. “టీచర్, మీకు మీరు ఎన్ని మార్కులేస్తరు?”

ఆలోచించాను. కాలి కణుపులు, పిన్ను రంధ్రాలు, మూడు జాతులు తీసేసి.

“ఇరవైకి పద్నాలుగు.”

“పద్నాలుగున్నర ఏసుకోండ్రి” అని వెళ్లిపోయింది.

వేసుకోలేదు.

10 అక్టోబరు

ఇకమీదట జరగవలసినవి కింద రాస్తున్నాను. అంకెలు వేయడం లేదు. అంకెలు ఆయన చదవగలరు.

ఒకటి. మిగిలిన మూడు మగవాటిని బెంగళూరు పంపాలి. చీటీ మీద ట్రైకోగ్రామా కైలోనిస్ అని, గుర్తించినది జహీరా బేగం, స్లైడు చేసినది ఆమె భర్త అని రాయాలి.

రెండు. ‘రంధ్రాల పురుగు’ పేజీ చింపకూడదు. ఒక స్టాప్లర్ పిన్నును నమూనాగా అక్కడే అంటించాలి.

మూడు. బడి తెరిచాక హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగి, ప్రత్యుత్పత్తి పాఠం ఒకరోజు నేను చెప్పాలి. బడిలోనే.

నాలుగు. టేకుమట్ల సీసా తెరవాలి. దానికి ముందు ఆ పొలంలో ఎవరైనా అట్టలు కట్టారా అని మాజిద్ స్వయంగా వెళ్లి అడగాలి. కవర్లన్నీ తిప్పి చూడాలి. కొత్తిమీర విత్తనాలున్నవి కూడా.

ఐదు. అందులో మగవి రెండే. వాటిని నేను ముట్టకూడదు. ఆయన చేతికే ఇవ్వాలి.

ఆరు. బెంగళూరు నుంచి కాగితం వచ్చేదాకా యాకయ్య ఛాయ్‌కి పిలిస్తే ఆయన్ని ఒంటరిగా పంపకూడదు.

ఏడు. ఒకవేళ టేకుమట్ల పురుగు కొత్తదే అయితే, పేరు నాది కాదు, ఆయనది పెట్టాలి. అప్పుడు ఆ పేరు నేను నలుగురిలో పైకి చదవక తప్పదు. అందుకని రేపటినుంచి ఆయన శిబిరానికి వెళ్లగానే తలుపు వేసుకుని, రోజుకు పదిసార్లు పలకడం అభ్యాసం చేయాలి.